రోటావైరస్ కథలో పసికందుల వార్డు

పిల్లల విరేచనాల వైరస్ చరిత్రను మనవాళ్లు రెండు ముక్కల్లో చెప్పేస్తారు: మెల్‌బోర్న్‌లో దొరికింది, హైదరాబాదులో చవక టీకా వచ్చింది. చవక కాబట్టి పనితనం కూడా అంతంతేనన్న గొణుగుడు దానికి తోక. ఈ కథ నాకు మింగుడుపడదు.

విరేచనాలపై పోరులో తొలి ఘట్టాలు తెలిసినవే. 1971లో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లతో (ఓఆర్‌ఎస్) కలరా రోగులను బతికించారు. 1973లో రూత్ బిషప్ బృందం ఆస్పత్రిలో చేరిన పిల్లల పేగుల్లో రోటావైరస్‌ను పట్టుకుంది.

అసలు మలుపు 1985-86 నాటిది. ఢిల్లీ ఎయిమ్స్ పసికందుల వార్డులో చాలామందికి రోటావైరస్ సోకింది, విరేచనాలు మాత్రం కాలేదు. దాచుకోవలసిన వార్డు అంటును ఎం.కె. భాన్ బృందం వదలకుండా వెంబడించింది. ఆ బిడ్డలకు తర్వాత రోటావైరస్ జబ్బు తక్కువగా వచ్చింది. అక్కడి 116ఇ రకం వైరస్సే హైదరాబాదు సంస్థ భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ టీకాకు మూలం.

అలాగని పుట్టగానే సోకిన ప్రతి వైరసూ రక్షణ ఇస్తుందనలేం. వెల్లూరు పసికందుల్లో తిరిగిన మరో రకం అలాంటి రక్షణ ఇవ్వలేదు. రక్షణ ఊరిని బట్టీ మారుతుంది: మెక్సికోలో రెండుసార్లు సోకిన పిల్లలకు తీవ్రమైన జబ్బు రానేలేదు. వెల్లూరులో మూడుసార్లు సోకినా రక్షణ 79 శాతమే. సహజంగా సోకితేనే ఇంత అయినప్పుడు టీకాను ఏమని తప్పుపడతాం? ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది శిశువులపై జరిగిన రోటావాక్ పరీక్షలో తీవ్ర రోటావైరస్ విరేచనాల నుంచి మొదటి ఏడాది రక్షణ 56 శాతం. విదేశీ టీకా రోటారిక్స్ మలావీలో చూపింది 49 శాతమే. లోటు తయారీలో లేదు. పేద పిల్లల పేగుల్లో, వారు పెరిగే పరిసరాల్లో వెతకాలి. అయితే కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు.

2016లో రోటావాక్‌ను మొదట అందుకున్న నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ తర్వాత దేశంలో విరేచనాలతో ఆస్పత్రిలో చేరే పిల్లల్లో రోటావైరస్ వాటా 40 శాతం నుంచి 20కి దిగింది. ఇది గెలుపే, కానీ సగం గెలుపు. విరేచనాలకు మరో కారణమైన నోరోవైరస్‌కు టీకా ఇంకా రాలేదు. నోటితో తాగగలిగే బిడ్డకూ సెలైన్ ఎక్కించడం, వైరస్ మీద పనిచేయని యాంటిబయాటిక్ రాయడం మన దగ్గర పోలేదు. టీకా మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా ఓఆర్‌ఎస్, జింకుల మీద పెట్టని వైద్యవ్యవస్థను నేను మెచ్చలేను.