కొలువు విడువక పట్టము

బరంపురమున తరతరములుగా కాపురమున్న మనవంటి తెలుగు కుటుంబములకు పొలము లేదు, పుట్ర లేదు, నెలజీతమే మాన్యము. దానిని విడిచి రెండేండ్లు చదువునకై పోగలవారు మనలో ఎందఱు? అట్టివారి కొఱకు ఏర్పడినదే, నేటి యువకులు ఎగ్జిక్యూటివ్ ఎం.బి.ఏ. అని చెప్పుకొను వ్యాపారనిర్వహణ పట్టము. దాని పుట్టుపూర్వోత్తరములను కొంత విచారింతము.

వ్యాపారము అంగడిలో నేర్వవలసినదే కాని బడిలో నేర్వదగినది కాదని పూర్వులు తలంచిరి. మన వర్తకుల పిల్లలు తండ్రి ప్రక్కన కూర్చుండియే చిట్టా, ఆవర్జా నేర్చిరి. అమెరికాలో 1900లో ఎడ్వర్డు టక్ అను ధనికుడు తండ్రి పేర 3,00,000 డాలర్ల విలువగల రైలుకంపెనీ వాటాలనిచ్చి డార్ట్‌మత్ కళాశాలలో వ్యాపారవిద్యాలయమును నెలకొల్పించెను. 1908లో హార్వర్డున మఱియొకటి 80 మందితో మొదలయ్యెను. కాని ఇవి అన్నియు వదలుకొని రాగల యువకులకే. ఉద్యోగములో నున్నవారికై ప్రత్యేకముగా తరగతి పెట్టినది చికాగో విశ్వవిద్యాలయము, 1943లో, యుద్ధము జరుగుచున్న దినములలో. అదియు గుమాస్తాలకు కాదు సుమా! అప్పటికే పెద్దకుర్చీలలో నున్నవారికి.

మన దేశమునను త్రోవ అట్లే నడచెను. హైదరాబాదులో 1956లో ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి పై అధికారుల శిక్షణకు. 1957లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఎం.బి.ఏ. ప్రారంభించెను. 1961లో కలకత్తా, అహమ్మదాబాదులలో నిర్వహణ సంస్థలు వెలసెను. వాల్తేరు మనకు రైలులో కొన్ని గంటల దూరమే. కాని తరగతియు పగలే, కచేరీయు పగలే. మేము పనిచేసిన కార్యాలయమున సాయంకాలపు కళాశాలకై ఒక గంట ముందుగా పోవుటకు అర్జీ పెట్టుకొనగా, పద్దులు వ్రాయుటకు బి.ఏ. ఎందులకని పై అధికారి దానిని త్రిప్పి పంపెను. మెట్రిక్యులేషనుతోనే మేము పింఛను పుచ్చుకొంటిమి.

ఈ తలుపు తెఱచినవారిలో మన తెలుగువారొకరు కలరు. ఆచార్య జి. రాంరెడ్డిగారు 1982లో హైదరాబాదున దేశమునకే మొదటిదైన సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు తొలి ఉపకులపతియైరి. క్రమముగా బడికి పోనివారును అర్హతాపరీక్ష నెగ్గినచో పట్టవిద్యలో చేరవచ్చునను ఏర్పాటు అందు ఉండెను. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపింపబడగా దానికిని ఆయనయే తొలి ఉపకులపతి. 1987లో ఆ విశ్వవిద్యాలయము ఆరంభించిన చదువులు రెండే. అందొకటి నిర్వహణశాస్త్రపు డిప్లొమా. రెంటను కలిసి చేరినవారు 4,528 మంది. కావ్యములను, వేదాంతమును అటుంచి, పనిచేయువానికి మఱునాడే అక్కఱకు వచ్చు విద్యను ముందుంచుట మాకు మిక్కిలి నచ్చిన సంగతి. హైదరాబాదు విశ్వవిద్యాలయము రాష్ట్రమునకు సంబంధించినది. ఇది యట్లు కాదు. బరంపురమైనను, బళ్ళారియైనను, హోసూరైనను, యానామైనను టపా చేరు చోటికెల్ల పాఠము చేరెను. మన పిల్లలు పగలు ఫైళ్ళు చూచి, రాత్రి పాఠములు చదివి, ఎం.బి.ఏ. పట్టములు తెచ్చుకొనిరి. ఆ పాఠములు ఆంగ్లమున నుండుట మాత్రము తెలుగుబడిలో చదివినవానికి రెండవ గోడ.

ఇక పట్టమునకును ప్రశంసాపత్రమునకును గల భేదమును మఱవరాదు. ప్రఖ్యాత నిర్వహణ సంస్థలు సైతము 2017 చట్టము 2018లో అమలునకు వచ్చువఱకు డిప్లొమాలనే యిచ్చెను. పట్టములిచ్చు అధికారము వానికి లేకుండెను. నేడు నాయకత్వమను పేర లక్షలు పుచ్చుకొని సర్టిఫికెట్టు మాత్రమే యిచ్చు చదువులును కలవు. వానిలో మంచివి లేవని మా భావము కాదు. కాని భవిష్యనిధిలో అప్పు తీసి కట్టువాడు, చివరకు చేతికి వచ్చునది యేదో ముందే అడుగవలెను. దూరవిద్య ద్వారా పట్టములిచ్చుటకు అనుమతి గల విశ్వవిద్యాలయముల జాబితాను విశ్వవిద్యాలయ నిధుల సంఘము ప్రకటించుచున్నది. రుసుము చెల్లింపకముందే దానిని చూచుకొనవచ్చును.