పేదవాని వకీలుకు పెద్ద ఎవరు?

గుమాస్తాగిరీ చేసినవానికి ఏ కాగితం చేతికొచ్చినా ముందు అడుగున సంతకం ఎవరిదో చూసే అలవాటు పోదు. ప్రభుత్వ ఖర్చుతో పేదల తరపున వాదించే వకీళ్ళ విషయంలోనూ నేను అదే చూశాను.

1976లో 42వ రాజ్యాంగ సవరణ 39-ఎ అధికరణాన్ని చేర్చి, ఉచిత న్యాయసహాయం రాజ్యం బాధ్యత అన్నది. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో, విచారణ లేక బీహారు జైళ్ళలో ఏళ్ళ తరబడి మగ్గినవారి గోడు సుప్రీంకోర్టు ఆలకించింది. 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టం చేశారు. అమలుకు వచ్చింది 1995 నవంబరు 9న. ఫైలు నడక మనకు కొత్తా!

ఆ చట్టం ప్రకారం జిల్లా సంస్థకు జిల్లా జడ్జిగారే అధ్యక్షులు. 2022 పథకంతో వచ్చిన పూర్తికాలపు డిఫెన్స్ కౌన్సిళ్ళ ఎంపికలోనూ ఆయనే పెద్ద. పార్టీల పెత్తనం చొరబడదు, మంచిదే. కాని తనను ఎంపిక చేసిన జడ్జిగారి ఎదుటే వకీలు గట్టిగా అభ్యంతరం చెప్పవలసి వస్తే? అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో ఈ పనికి ఏడుగురు సభ్యుల కమిషను వేరుగా ఉంది. అయితే వారిని నియమించేది గవర్నరు. ఏ ఏర్పాటులోనైనా వకీలు భయపడవలసినది కక్షిదారుకు అన్యాయం జరుగుతుందేమోనని మాత్రమే అని నా మనవి.

సభ్యులు ఒకటి గుర్తుంచుకోవాలి. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సహాయం లభిస్తుంది. ఇంటి పనిమనిషికైనా, వీధిలోని కూలీకైనా ఈ మాట చెప్పండి. పింఛనుదారుకు తీరిక ఉన్నది. ఒక అర్జీ రాసి పెట్టినా పుణ్యమే.