ఏజెడ్‌టీ: నాలుగు గంటల అలారం కథ

మందుల చరిత్ర చెప్పుకుంటున్నాం కదా, ఇవాళ ఏజెడ్‌టీ సంగతి చూద్దాం. జిడోవుడిన్ అని కూడా అంటారు. ఎయిడ్స్‌కి అనుమతి వచ్చిన మొట్టమొదటి మందు ఇదే. నేను మాత్రం ఒక్క ప్రశ్న పట్టుకుని ఈ కథ చెబుతాను. 1987లో ఈ మందు మొదలుపెట్టినవాళ్లు అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచి మరీ క్యాప్సూల్ ఎందుకు మింగాల్సి వచ్చింది?

దీన్ని 1964లో జెరోమ్ హార్విట్జ్ అనే అమెరికా శాస్త్రవేత్త క్యాన్సర్ కోసం తయారుచేశాడు. క్యాన్సర్‌కి పనికిరాలేదు, పక్కన పడేశారు. ఇరవై ఏళ్ల తర్వాత బరోస్ వెల్‌కమ్ కంపెనీ దాన్ని మళ్లీ బయటికి తీసింది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో శామ్యూల్ బ్రోడర్ బృందం పరీక్షిస్తే గాజు గొట్టంలో హెచ్‌ఐవీని ఆపింది. 1985 జులైలో మొదటిసారి మనిషికి ఎక్కించారు.

గాజు గొట్టంలో ఆపడం వేరు, ఒంట్లో ఆపడం వేరు. వైరస్‌ని ఆపడానికి లీటరుకి సుమారు ఒక మైక్రోమోల్ మందు ఉండాలనుకున్నారు. అంటే మిల్లీలీటరు ప్లాస్మాలో 267 నానోగ్రాములు. గ్రాములో వంద కోట్ల వంతు నానోగ్రాము. మరి అంత తక్కువ మందుని రక్తంలో ఎలా కొలుస్తారు?

మందు వేశాక గంట గంటకీ రక్తం తీస్తారు. గిర్రున తిప్పితే కణాలు అడుక్కి పోయి, పైన లేత పసుపు రంగు ప్లాస్మా తేలుతుంది. అందులో వైరస్ ఉంటుంది కాబట్టి, పనిచేసేవాళ్ల క్షేమం కోసం ముందు వేడిచేస్తారు. తర్వాత మందుని విడదీసి హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రంలోకి పంపుతారు. సన్నటి గొట్టంలో ఒక్కో పదార్థం ఒక్కో వేగంతో నడిచి బయటికొస్తుంది. వచ్చినదాని మీద అతినీలలోహిత కాంతి వేసి, ఎంత పీల్చుకుందో చూసి లెక్క కడతారు.

అలా కొలిస్తే తేలిందేమిటంటే, గంట తిరిగేసరికి ప్లాస్మాలో మందు సగానికి పడిపోతోంది. కాలేయం దానికి గ్లూకురోనైడ్ అనే చక్కెర ముక్క తగిలించి మూత్రంలోకి తోసేస్తోంది. వేసుకున్న మందులో దాదాపు మూడొంతులు పోయేది ఈ రూపంలోనే, నాలుగో వంతు మాత్రమే మిగతా దారుల్లో. గంటలో సగం పోయే మందుని ఎప్పుడు వేసుకోవాలి? మాటిమాటికీ. అదండీ అలారం పుట్టిన చోటు: రాత్రీ పగలూ నాలుగు గంటలకోసారి.

మందు పనిచేసింది, అందులో సందేహం లేదు. 282 మందితో చేసిన పరీక్షని 1986 సెప్టెంబరులో మధ్యలోనే ఆపేశారు. అప్పటికి ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 19 మంది చనిపోయారు, ఏజెడ్‌టీ తీసుకున్నవాళ్లలో ఒక్కరే. 1987 మార్చిలో అనుమతి వచ్చింది. కానీ రోజుకి 1200 నుంచి 1500 మిల్లీగ్రాముల మోతాదుకి ఎముక మజ్జ దెబ్బతినేది. రక్తహీనత వచ్చి చాలామందికి రక్తం ఎక్కించాల్సి వచ్చేది. 1991లో ఏఎంటీ అనే ఇంకో రూపాంతరం బయటపడింది. అది మజ్జ కణాలకి అసలు మందుకన్నా ఎక్కువ విషం.

ఇక్కడే అసలు మెలిక. వైరస్‌ని ఆపేది ప్లాస్మాలో తిరిగే ఏజెడ్‌టీ కాదు. అది తెల్లకణంలోకి దూరి, ఒకటి తర్వాత ఒకటి మూడు ఫాస్ఫేట్లు తగిలించుకోవాలి. ఆ ట్రైఫాస్ఫేటే పనిచేసే రూపం. అది కణంలో మూడు గంటలకి పైగా నిలుస్తుంది. పైగా ఒకటి నుంచి రెండో ఫాస్ఫేటుకి వెళ్లే మెట్టు దగ్గర దారి ఇరుకు. మోతాదు పెంచితే ప్లాస్మాలో అంకె పెరుగుతుంది, కణంలో మోనోఫాస్ఫేట్ పేరుకుంటుంది, ట్రైఫాస్ఫేట్ మాత్రం ఆ లెక్కన పెరగదు. ఎక్కువ మందు మింగితే ఎక్కువ మేలు జరగలేదన్నమాట.

నిజం చెప్పాలంటే మోతాదు తగ్గించింది ఈ కొలతలు చూసి కాదు. తక్కువ మోతాదు తీసుకున్నవాళ్లకి మేలు తగ్గలేదనీ, రక్తహీనత తగ్గిందనీ రోగుల మీద పరీక్షలే చూపించాయి. 1990లో రోజుకి 600 మిల్లీగ్రాములకి దించారు. అది ఎందుకు సరిపోతోందో తొంభైల్లో కణాల లోపలి కొలతలు వివరించాయి. తర్వాత 300 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు చాలన్నారు. అలారం ఆగింది.

అలాగని ప్లాస్మా కొలత దండగ అనుకోకండి. 2005లో పేటెంట్ ముగిశాక అమెరికాలో జెనరిక్ జిడోవుడిన్‌కి అనుమతి పొందినవాటిలో మన హైదరాబాద్ అరబిందో ఫార్మా ఒకటి. జెనరిక్ మందు అసలుదానితో సమానమా కాదా అన్నది తేల్చేది ప్లాస్మా అంకెలే. రెండూ ఒకే అణువు కాబట్టి, రక్తంలోకి ఒకేలా చేరితే కణంలోనూ ఒకేలా పనిచేస్తాయి. ఆ ప్రశ్నకి ఆ కొలత సరైనది. రోగికి ఎంత మందు, ఎన్నిసార్లు అన్నది వేరే ప్రశ్న.

1985లో కొలవడానికి అందుబాటులో ఉన్నది ప్లాస్మా, దాన్నే కొలిచారు. వాళ్లని తప్పుపట్టడానికి లేదు, ఎదురుగా మనుషులు చనిపోతున్నారు. కానీ సులువుగా కొలవగలిగిందే అసలు సంగతి అనుకుంటే దాని ఖరీదు ఎవరో ఒకరు కడతారు. ఇక్కడ కట్టింది నిద్రలు మానుకుని, రక్తం ఎక్కించుకున్న రోగులు. వాళ్లని ఒకసారి తలుచుకుందాం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, సెలవు.