పెద్దాయన ఇంట్లో మొదలైన న్యాయచర్చ

ప్లేటో ‘రిపబ్లిక్’ పేరు మనలో చాలామంది చదువుకునే రోజుల్లోనే విన్నారు. ఆదర్శ రాజ్యం గురించి చెప్పిన గ్రంథమనీ, తత్త్వవేత్తలే రాజులు కావాలన్నదనీ పరీక్షల కోసం బట్టీ పట్టినవారూ ఉన్నారు. అయితే సుమారు 2400 ఏళ్ల క్రితం వ్రాసిన ఆ గ్రంథం తెరిస్తే తొలి పుటల్లో కనిపించేది రాజు కాదు, తత్త్వవేత్త పాఠమూ కాదు. వయసు మీద పడిన కెఫాలస్ అనే గృహస్థు. అందుకే ఈ ప్రత్యేక సంచికలో మన వయసు వారి ముందు ఆ కథ పెట్టాలనిపించింది.

ఏథెన్స్ నగరానికి రేవు పిరేయస్. అక్కడ ఉత్సవం చూసి తిరిగి వెళుతున్న సోక్రటీస్‌ను కెఫాలస్ కుమారుడు పోలిమార్కస్ బలవంతంగా ఇంటికి తీసుకువెళతాడు. తలమీద పూలదండతో, అప్పుడే దేవతార్చన ముగించి కూర్చున్న పెద్దాయన ఆయన్ను ఆప్యాయంగా పలకరిస్తాడు. వృద్ధాప్యం ఎలా ఉందని సోక్రటీస్ అడుగుతాడు. తన ఈడువారు కలిసినప్పుడల్లా పోయిన సుఖాలను తలచుకుని వాపోతారనీ, ఇంట్లోవారు లెక్కచేయడం లేదని బాధపడతారనీ కెఫాలస్ చెబుతాడు. కాని తప్పు వయసుది కాదు, మనిషి స్వభావానిదని ఆయన అభిప్రాయం. డబ్బు వల్ల తనకు కలిగిన గొప్ప మేలు ఏమిటో కూడా చెబుతాడు. ఎవరినీ మోసగించకుండా, దేవుడికీ మనిషికీ బాకీ పడకుండా పోవచ్చుననే నిశ్చింత.

సోక్రటీస్ అక్కడే పట్టుకుంటాడు. నిజం చెప్పడం, తీసుకున్నది తిరిగి ఇవ్వడం, న్యాయమంటే ఇంతేనా? మిత్రుడు ఆయుధం దాచమని ఇచ్చి, మతి చలించిన స్థితిలో వచ్చి అడిగితే ఇవ్వవచ్చునా? పెద్దాయన నవ్వి, చర్చను కొడుక్కి అప్పగించి పూజకు వెళ్లిపోతాడు. పది భాగాల మహాగ్రంథం ఆ ప్రశ్నతో నడక మొదలుపెడుతుంది.

ఇంతవరకు చాలామందికి తెలిసినదే. ఆ ఇంటికి తరువాత ఏమి జరిగిందో తెలిస్తే ఈ చర్చ మరొక విధంగా వినిపిస్తుంది.

కెఫాలస్ సిరక్యూస్ నుంచి వచ్చినవాడు. పెరిక్లిస్ ఆహ్వానం మీద ఏథెన్స్‌లో స్థిరపడి 30 ఏళ్లు నివసించాడు. పరదేశి కనుక పౌరహక్కులు లేవు. ఆ కుటుంబానికి డాళ్లు తయారుచేసే కర్మాగారం ఉండేది. క్రీ.పూ. 404లో ఏథెన్స్ స్పార్టా చేతిలో ఓడిపోయింది. ‘ముప్పైమంది’ అనే నియంతల కూటమి గద్దెనెక్కింది. ఖజానాకు డబ్బు కావలసి, సంపన్నులైన పరదేశుల మీద పడింది. పోలిమార్కస్‌ను పట్టుకుని, విచారణ లేకుండా విషం తాగించారు. 700 డాళ్లు, 120 మంది బానిసలు, బంగారం, వెండి అన్నీ దోచుకున్నారు. చివరకు పోలిమార్కస్ భార్య చెవుల కమ్మలు కూడా వదలలేదు. తప్పించుకుని బ్రతికిన తమ్ముడు లిసియస్ తరువాత న్యాయస్థానంలో ఈ సంగతులన్నీ చెప్పాడు. ఆ ప్రసంగం నేటికీ లభిస్తోంది.

ఆ ముప్పైమంది నాయకుడు క్రిటియస్ ప్లేటో తల్లికి దగ్గర బంధువు. పిరేయస్ పాలనకు నియమించిన పదిమందిలో ఒకడైన కార్మిడిస్ ఆయనకు సొంత మేనమామ. అంటే తన వాళ్ల పాలనలో నాశనమైన కుటుంబం ఇంట్లోనే ప్లేటో న్యాయచర్చకు పీట వేశాడు. ఆ కుటుంబం గతి ఏమైందో గ్రంథంలో చెప్పలేదు. నాటి పాఠకులకు చెప్పనక్కరలేదు.

ఆ రోజుల్లోనే సోక్రటీస్‌కూ ఒక ఉత్తర్వు వచ్చింది. సలామిస్ ద్వీపవాసి లియోన్‌ను చంపడానికి పట్టుకురమ్మని ఐదుగురిని పంపారు. నలుగురు వెళ్లారు. సోక్రటీస్ ఇంటికి వెళ్లిపోయాడు. పైవారి ఆజ్ఞకూ మనస్సాక్షికీ మధ్య నలగడం ఎలా ఉంటుందో కొలువు చేసినవారికి ఒకరు చెప్పాలా? క్రీ.పూ. 403లో ప్రజాస్వామ్యం తిరిగి వచ్చింది. కాని క్రీ.పూ. 399లో అదే సోక్రటీస్‌కు 70 ఏళ్ల వయసులో ప్రజా న్యాయస్థానమే మరణశిక్ష విధించింది. కొద్దిమంది పాలనా న్యాయం చేయలేదు, ఎక్కువమంది పాలనా చేయలేదు. ప్లేటోను జీవితాంతం వేధించిన చిక్కు ఇదే.

గ్రంథంలో థ్రాసిమాకస్ అనే వాది, బలవంతుడికి లాభించేదే న్యాయమని గట్టిగా వాదిస్తాడు. వైద్యుడు రోగి మేలు చూసినట్లే పాలకుడు పాలితుల మేలు చూడాలన్నది సోక్రటీస్ జవాబు. ఆ జవాబు నిలబడాలని ప్లేటో ఆదర్శ రాజ్యాన్ని కట్టాడు. పాలకులు, సైనికులు, ఉత్పత్తిదారులు ఎవరి పని వారు చేయాలి. పాలించేవారికి సొంత ఇల్లు, భూమి, బంగారం ఉండరాదు. అర్హత ఉంటే స్త్రీలూ పాలించవచ్చు. అధికారంలో ఉన్నవాడు అధికారం వల్ల లాభపడకూడదన్నదే ఇందులో కీలకం.

లోపాలు లేకపోలేదు. బానిసత్వాన్ని ఆయన ప్రశ్నించలేదు. పాలకుడే దారి తప్పితే అడ్డుకునేదెవరో తేల్చలేదు. అకాడమీలో ఆయన వద్ద 20 ఏళ్లు గడిపిన అరిస్టాటిల్, అందరిదీ అయిన వస్తువును ఎవరూ శ్రద్ధగా చూడరని గురువు ఆస్తి విధానాన్ని తప్పుపట్టాడు. క్రీ.పూ. 347లో, సుమారు 80 ఏళ్ల వయసులో ప్లేటో మరణించాడు. చివరి రోజుల్లో వ్రాసిన ‘లాస్’ గ్రంథంలో ఆయనే ఒక మెట్టు దిగి, పాలకులు చట్టానికి సేవకులుగా ఉండాలన్నాడు.

అరిస్టాటిల్ మరో రెండు మాటలు జోడించాడు. సమానులకు సమానంగా దక్కకపోతే అక్కడే తగాదా పుడుతుందన్నది ఒకటి. నియమం అందరికీ ఒకటే అయినా, అది ఊహించని సందర్భం వచ్చినప్పుడు సవరించి వర్తింపజేయాలన్నది రెండోది. లెస్బోస్ ద్వీపపు తాపీ మేస్త్రీలు రాయి వంపును బట్టి వంగే సీసపు కొలబద్ద వాడేవారని ఉదాహరణ ఇచ్చాడు. రూలు పుస్తకంతో సర్వీసంతా గడిపినవారికి ఈ కొలబద్ద విలువ తెలుసు.

సమానుల మాట మనకు కొత్త కాదు. 1982 డిసెంబర్ 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ దయాభిక్ష కాదని, ఒక తేదీ గీత గీసి పెన్షనర్లను రెండుగా చీల్చడం సమానత్వానికి విరుద్ధమని చెప్పింది. వాదం మన రాజ్యాంగంలోని 14వ అధికరణం మీద నడిచింది. కాని ప్రశ్న పాతదే.

కెఫాలస్ ఎవరికీ బాకీ లేకుండా నిశ్చింతగా పూజకు లేచి వెళ్లాడు. ఆయన మంచివాడే. కాని ఆ మంచితనం కొడుకును కాపాడలేకపోయింది. సొంత బాకీలు తీర్చుకుంటే చాలదు, చుట్టూ ఉన్న వ్యవస్థ న్యాయంగా ఉందా అని కూడా అడగాలి. పెద్దాయన లేచి వెళ్లిపోయిన ఆ చర్చలో మనం ఇంకాసేపు కూర్చోవడం మంచిది. విశ్రాంత జీవితంలో మనకు తీరిక ఉంది, అనుభవమూ ఉంది.