సౌండ్ తగ్గించరా, బ్యాటరీలు అయిపోతాయి: ట్రాన్సిస్టర్ రేడియో వెనక బ్యాటరీ కథ

ఈ ఎపిసోడ్ మా తాతయ్య రేడియోతో మొదలుపెడతాను. మొన్న ఊరెళ్లినప్పుడు బీరువా మీంచి దాన్ని దించి వెనక మూత తీస్తే లోపల తెల్లటి పొడి, పచ్చటి చిలుము, తుప్పు పట్టిన స్ప్రింగులు. తప్పు నాదే. తాతయ్య బతికున్నన్నాళ్లూ నాలుగు రోజులు రేడియో వాడకపోతే సెల్లు తీసి పక్కన పెట్టేవాడు. ఆయన పోయాక ఒకసారి నేను కొత్త సెల్లు వేసి, పాటలు విని, అలాగే వదిలేసి హైదరాబాద్ వచ్చేశాను. రెండేళ్ల తర్వాత ఇదిగో ఇలా.

బీటెక్ చదివినోడిని, సెల్లు ఎందుకు కారతాయో తెలియకుండా ఎలా వదిలేశానని సిగ్గేసింది. దాంతో బ్యాటరీ చరిత్ర మొత్తం తవ్వడం మొదలుపెట్టాను.

1866లో ఫ్రాన్స్‌కి చెందిన జార్జ్ లెక్లాంషే అనే ఇంజనీరు ఒక సెల్ తయారుచేశాడు. గాజు జాడీలో నవాసారం కలిపిన నీళ్లు. అందులో ఒకవైపు జింక్ కడ్డీ, ఇంకోవైపు మాంగనీస్ డయాక్సైడ్ మధ్యలో నిలబెట్టిన బొగ్గు కడ్డీ. జింక్ మెల్లగా కరుగుతూ ఎలక్ట్రాన్లు వదులుతుంది. అవి తీగ గుండా తిరిగి బొగ్గు కడ్డీ వైపు చేరతాయి. ఆ దారిలో మనం ఏది పెడితే అది పనిచేస్తుంది. టెలిగ్రాఫ్‌కి, టెలిఫోన్‌కి, కాలింగ్ బెల్‌కి ఇదే వాడారు. కాకపోతే జాడీ ఒలికితే కథ అయిపోయినట్టే. జేబులో పెట్టుకుని తిరిగే వస్తువు కాదది.

ఆ నీళ్ల గొడవ తీర్చింది జర్మనీకి చెందిన కార్ల్ గాస్నర్. 1886లో పేటెంట్ తీసుకున్నాడు. నవాసారాన్ని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో ముద్దలా కలిపాడు. జాడీ తీసేసి జింక్‌నే డబ్బాగా చేసేశాడు. అదే డ్రై సెల్. మనం చిన్నప్పుడు పగలగొట్టి చూసిన సెల్ ఇదే: నల్ల మసి, మధ్యలో బొగ్గు కడ్డీ. ఆ కడ్డీతో గోడల మీద రాయనివాళ్లు మన తరంలో తక్కువ.

ఇక్కడే నా తప్పుకి జవాబు దొరికింది. ఈ డిజైన్‌లో జింక్ డబ్బానే పాత్ర, అదే ఇంధనం. సెల్ పనిచేసిన కొద్దీ తన గోడని తానే తినేస్తుంది. పూర్తిగా వాడేసిన సెల్‌కి గోడలు పలచబడి చిల్లులు పడతాయి, లోపలి రసం బయటికొస్తుంది. తాతయ్యకి కెమిస్ట్రీ తెలియదు. కానీ అయిపోయిన సెల్‌ని వస్తువులో ఉంచకూడదని తెలుసు.

సరే, సెల్ వచ్చేసింది. 1890ల చివరికే అమెరికాలో నేషనల్ కార్బన్ కంపెనీ టార్చిలైట్ల కోసం మనం పెద్ద సెల్ అనే డి సైజు కూడా తెచ్చింది. మరి జేబు రేడియో రావడానికి ఇంకో యాభై ఏళ్లు ఎందుకు పట్టింది?

ఎందుకంటే అప్పటి రేడియోలో వాల్వులు ఉండేవి. వాల్వు అంటే గాజు బుడ్డి. లోపల సన్నటి ఫిలమెంట్ వేడెక్కితేనే ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. అంటే పాట వినడానికి ముందు నాలుగైదు చిన్న పొయ్యిలు వెలిగించాలన్నమాట. ఆ పొయ్యిల కోసం ఒక బ్యాటరీ, దాన్ని ఏ బ్యాటరీ అనేవాళ్లు. వచ్చిన ఎలక్ట్రాన్లని ప్లేటు వైపు లాగడానికి 45, 67.5, 90 వోల్టుల బీ బ్యాటరీ. ఒక్కో డ్రై సెల్ ఇచ్చేది 1.5 వోల్టులే కాబట్టి 90 వోల్టులంటే లోపల 60 చిన్న సెల్లు వరసగా ఉండాలి. కొన్ని సెట్లకి మూడోది సీ బ్యాటరీ కూడా కావాలి. 1920లలో చాలామంది ఏ బ్యాటరీకి కారులో వాడే లాంటి యాసిడ్ బ్యాటరీనే పెట్టుకునేవాళ్లు. ఇంట్లో హాల్లో, తివాచీ మీద, యాసిడ్ బ్యాటరీ!

ఈ బాధ ఎంత పెద్దదంటే, దాన్ని తీర్చడమే ఒక వ్యాపారం అయింది. 1928లో షికాగోలో గాల్విన్ మాన్యుఫాక్చరింగ్ అనే కంపెనీ మొదలైంది. వాళ్ల మొదటి సరుకు బ్యాటరీ ఎలిమినేటర్, అంటే ఇంటి కరెంటుతో రేడియో నడిపే డబ్బా. ఆ కంపెనీయే తర్వాత మోటరోలా అయింది. ఇంట్లో కరెంటు ఉన్నవాళ్లు అలా బ్యాటరీల నుంచి బయటపడ్డారు. లేనివాళ్లకి మాత్రం బ్యాటరీయే దిక్కు.

1940లో ఆర్‌సీఏ కంపెనీ బీపీ-10 అని చేతిలో పట్టుకెళ్లే చిన్న రేడియో తెచ్చింది. కొత్తగా వచ్చిన బుల్లి వాల్వులు నాలుగు, ఒక 67.5 వోల్టుల బ్యాటరీ, ఫిలమెంట్లకి ఒకే ఒక్క పెద్ద సెల్. ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. నాలుగు ఫిలమెంట్లు కలిపి 1.4 వోల్టుల దగ్గర పావు ఆంపియర్ తాగుతాయి. అంటే 0.35 వాట్లు. అది పాట వినిపించడానికి కాదు, పొయ్యి వెలగడానికి మాత్రమే. సౌండ్ పూర్తిగా తగ్గించినా, స్టేషన్ లేకపోయినా ఆ ఖర్చు తప్పదు. పాపం, ఆ ఒక్క సెల్ కొన్ని గంటలకే చేతులెత్తేసేది.

1947 డిసెంబర్‌లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో బార్డీన్, బ్రాటెన్ మొదటి ట్రాన్సిస్టర్‌ని పనిచేయించారు. షాక్లీతో కలిపి ముగ్గురికీ 1956లో నోబెల్ వచ్చింది. ట్రాన్సిస్టర్‌లో ఫిలమెంట్ లేదు. పొయ్యి లేదు.

1954 అక్టోబర్‌లో రీజెన్సీ టీఆర్-1 వచ్చింది. నాలుగు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, ఒక 22.5 వోల్టుల చిన్న బ్యాటరీ, ధర 49.95 డాలర్లు. అది లాగేది సుమారు 4 మిల్లీ ఆంపియర్లు. గుణిస్తే 0.09 వాట్లు. అంటే బీపీ-10లో పొయ్యిలకే అయ్యే ఖర్చులో నాలుగో వంతుతో ఇక్కడ రేడియో మొత్తం పాడుతోంది. చిట్టి బ్యాటరీ 20 గంటల దాకా వచ్చేది. 1957లో జపాన్ నుంచి సోనీ టీఆర్-63 వచ్చింది, 9 వోల్టుల బ్యాటరీతో. ఇప్పుడు మన మల్టీమీటర్లలో వేసే చదరపు బ్యాటరీ ట్రాన్సిస్టర్ రేడియోల కోసం పుట్టిందే. దాన్ని విప్పితే లోపల ఆరు చిన్న సెల్లు ఉంటాయి. ఆ సోనీ రేడియో మామూలు చొక్కా జేబులో పట్టదని సేల్స్‌మెన్‌కి పెద్ద జేబుల చొక్కాలు కుట్టించామని సోనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన అకియో మోరిటా తన ఆత్మకథలో చెప్పుకున్నాడు.

ఇంకో ట్రిక్ ఉంది, నాకు భలే నచ్చింది. ఆరు ట్రాన్సిస్టర్ల సెట్లలో స్పీకర్ని నడిపే చివరి దశలో రెండు ట్రాన్సిస్టర్లు జంటగా ఉంటాయి. ఒకటి నెడుతుంది, ఒకటి లాగుతుంది. సౌండ్ లేనప్పుడు రెండూ దాదాపు పడుకునే ఉంటాయి. సౌండ్ పెరిగితేనే కరెంటు తాగుతాయి. తాతయ్య రేడియో స్ప్రింగులు సోడా నీళ్లతో తుడిచి, ఉప్పు కాగితంతో రుద్ది, మల్టీమీటర్ పెట్టి కొలిచాను. చిన్న సౌండ్‌లో 15 మిల్లీ ఆంపియర్లు. ఫుల్ సౌండ్‌లో 100 దాటింది.

"సౌండ్ తగ్గించరా, బ్యాటరీలు అయిపోతాయి!" నా చిన్నప్పుడు నానమ్మ రోజుకి పదిసార్లు అనేది. నేను ఇంజనీరింగ్‌లో చేరాక, సౌండ్‌కీ బ్యాటరీకీ పెద్ద సంబంధం ఉండదు నానమ్మా అని పెద్ద తెలిసినోడిలా చెప్పాను కూడా. ఆరు రెట్ల తేడా. నానమ్మే కరెక్టు.

సెల్లు ఎండలో పెట్టడం కూడా పిచ్చి పని కాదు. సెల్ వాడుతున్నప్పుడు బొగ్గు కడ్డీ చుట్టూ రసాయనాలు పేరుకుని దారి అడ్డగిస్తాయి. కాస్త విశ్రాంతి ఇస్తే అవి సర్దుకుంటాయి, వేడి తగిలితే ఇంకాస్త త్వరగా కదులుతాయి. అది చార్జింగ్ కాదు, మిగిలిన నాలుగు చుక్కలు పిండుకోవడం. ఇంకో అరగంట వార్తలు వస్తాయి. ఎక్కువ ఎండబెడితే మాత్రం లోపల తడి ఆరిపోయి సెల్ పాడైపోతుంది.

ఎందుకంత పిసినారితనం అంటారా? లెక్క చూడండి. మామూలు పెద్ద సెల్ 1.5 వోల్టులు, సుమారు 5 ఆంపియర్ అవర్లు అనుకుంటే 7.5 వాట్ అవర్లు. కరెంటు బిల్లులో మనం ఒక యూనిట్ అంటాం కదా, ఆ ఒక్క యూనిట్‌కి సుమారు 130 సెల్లు కొనాలి. అంటే ఇంట్లో కరెంటు లేనివాడే కరెంటుకి అందరికంటే ఎక్కువ రేటు కట్టాడు, ఎర్ర డబ్బాల్లో, రెండేసి చొప్పున. దానికి తోడు 1980ల దాకా రేడియోకి పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి.

ఆ ఎర్ర డబ్బాల గురించి ఒక చేదు విషయం. ఇందాక చెప్పిన నేషనల్ కార్బన్ 1917లో యూనియన్ కార్బైడ్‌లో కలిసింది. మన దేశంలో ఎవరెడీ సెల్లు అమ్మింది ఆ కంపెనీ భారతీయ శాఖే. 1984 డిసెంబర్‌లో భోపాల్‌లో విషవాయువు లీకైంది ఆ కంపెనీ ఫ్యాక్టరీ నుంచే. ఆ వార్తని దేశంలో ఎన్నో ఇళ్లు విన్నది అదే కంపెనీ సెల్లు వేసిన రేడియోల్లో.

సెల్ ఖర్చు ఆఫ్రికాలోనూ ఇదే సమస్య. 1990లలో ఇంగ్లండ్‌కి చెందిన ట్రెవర్ బేలిస్, ఎయిడ్స్ గురించి ఆఫ్రికా పల్లెలకి సమాచారం చేరడం లేదని టీవీలో చూసి, కీ ఇస్తే తిరిగే స్ప్రింగుతో నడిచే రేడియో చేశాడు. మొదటి నమూనా ఒకసారి కీ ఇస్తే 14 నిమిషాలు పలికింది. ట్రాన్సిస్టర్లు అంత తక్కువ కరెంటు తాగబట్టే చేతి బలం సరిపోయింది.

చివరిగా నా సొంత విషయం ఒకటి. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుపాను. నేను బీటెక్ ఫస్టియర్, అనకాపల్లి దగ్గర మా ఊళ్లో ఉన్నాను. కరెంటు పోయింది, ఫోన్ టవర్లు పోయాయి. మర్నాటికి నా స్మార్ట్‌ఫోన్ చచ్చింది. విశాఖలో ఉన్న అత్తయ్య వాళ్లు ఎలా ఉన్నారో తెలియదు. తాతయ్య ఎక్కడి నుంచో సెల్లు తీసి రేడియోలో వేశాడు. రాత్రి మీడియం వేవ్‌లో గరగరల మధ్య విజయవాడ దొరికింది. వీధిలో వాళ్లంతా మా అరుగు మీదే. వార్తలు అయిపోగానే తాతయ్య టక్కున ఆపేసేవాడు. పాటలు ఉంచండి బాబాయ్ అని ఎవరో అడిగితే, "రేపటి వార్తలకి ఉండాలి కదరా" అన్నాడు. ఆ సెల్లు ఐదు రోజులు వచ్చాయి. ఐదో రోజు అత్తయ్యే బండి మీద వచ్చేసింది.

ఇప్పుడు రేడియో మళ్లీ పనిచేస్తోంది. సెల్లు మర్చిపోతానని భయమేసి, దానికి కరెంటు అడాప్టర్ పెట్టి నానమ్మకి ఇచ్చాను. బ్యాటరీలతో పనిలేదు, ఎంత సౌండ్ అయినా పెట్టుకోమన్నాను. తలూపింది. నేను బ్యాగు సర్దుకుని వచ్చేసరికి సౌండ్ సగానికి తగ్గించి, చెవి దగ్గర పెట్టుకుని వింటోంది.

మీ ఇంట్లో పాత రేడియో ఉంటే ఈ రోజే వెనక మూత తీసి చూడండి. సెల్లు ఉంటే తీసి పక్కన పెట్టండి.