డర్బను ఆర్చిబిషప్పు డెనిస్ హర్లీ

1860 మొదలు మన తెనుఁగు కూలీలు చెఱకుతోటల పనికై ఓడలెక్కి చేరిన దక్షిణాఫ్రికాలోని నేటాలు సీమలోనిదే డర్బను నగరము. అచ్చటి కతోలిక ఆర్చిబిషప్పు డెనిస్ హర్లీగారి చరితమును మీకు విన్నవించెదను.

వారు 1915లో కేపుటౌనున ఐరిషు దంపతులకు జన్మించిరి. తండ్రి రాబెన్ దీవిలో దీపస్తంభమును కాచెడివాఁడు. పిమ్మట మండేలాను చెఱపెట్టినది ఆ దీవియందే. హర్లీగారు 1947లో బిషప్పు, 1951లో ఆర్చిబిషప్పు అయిరి.

1948 నుండి తెల్లవారి ప్రభుత్వము వర్ణవివక్షను శాసనములతో బిగించుచుండఁగా, తెల్లవారయ్యును వీరు దానిని ఖండించిరి. 1957లో వీరి అధ్యక్షతనున్న బిషప్పుల సభ ఆ విధానము స్వభావముచేతనే చెడ్డదని ప్రకటించెను. నమీబియాలో పోలీసుల దౌర్జన్యమును బయటపెట్టినందులకు 1984లో ప్రభుత్వము వీరిపై అభియోగము మోపి, మఱుసటియేట విరమించుకొనెను.

1994లో సర్వజనులకు వోటు లభించుట కన్నులారఁ గాంచి, 2004లో కన్నుమూసిరి. తన జాతికి లాభించు అన్యాయమును ఎదిరించుటయే ధర్మమునకు గీటురాయి యని నా తలంపు.