రాతి నీడన బతికిన బంగారు కూలీలు

క్వీన్స్‌టౌన్ వెళ్ళొచ్చిన మనవాళ్ళ ఫోటోలన్నీ ఒకేలా ఉంటాయి. సరస్సు, మంచు కొండ, జెట్ బోటు, చేతిలో ఐస్‌క్రీం. అక్కడికి ఇరవై కిలోమీటర్ల దూరంలోనే యారోటౌన్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి చివర బుష్ క్రీక్ అనే వాగు పక్కన, పొడుగు మనిషి వంగి దూరాల్సిన రాతి గుడిసెలు కొన్ని ఉన్నాయి. ఎవరో రాజుల కాలం నాటివి కావు. మనలాగే సముద్రం దాటి వచ్చి, సంపాదించింది ఇంటికి పంపుకున్న చైనా కూలీల కాపురాలవి. కాపురాలు అనడం కూడా తప్పేనేమో, ఎందుకంటే ఆ గుడిసెల్లో ఆడవాళ్ళు లేరు, పిల్లలు లేరు.

ఆక్లాండ్ ఆఫీసుల్లో బిల్లులూ జీతాల లెక్కలూ చూసుకునే ముగ్గురం, మొన్న లేబర్ డే సెలవులకి టికెట్లు చవగ్గా దొరికితే అటు వెళ్ళాం. శనివారం యారోటౌన్, ఆదివారం అలెగ్జాండ్రా దగ్గర క్లూథా నది లోయ. చూసింది తక్కువే గానీ, వచ్చాక దాని గురించి మాట్లాడుకున్నదే ఎక్కువ.

గుహల్లో మనుషులు బతకడం కొత్తేమీ కాదు. ఏలూరు జిల్లా గుంటుపల్లిలో బౌద్ధ భిక్షువులు కొండ తొలిచి గదులు చేసుకున్నారు, అది వాళ్ళు కోరుకున్న జీవితం. ఇటలీలో మాతేరా అనే పాత నగరం ఉంది. అక్కడ సాస్సి అని పిలిచే గుహ ఇళ్ళలో పేద రైతు కుటుంబాలు తరతరాలుగా ఉండేవి. ఒకే గదిలో పిల్లలూ, గాడిదా, కోళ్ళూ. దేశానికే సిగ్గుచేటని 1952లో ప్రభుత్వం చట్టం చేసి, సుమారు 15,000 మందిని అక్కడి నుంచి కొత్త ఇళ్ళకి తరలించింది. 1993లో యునెస్కో ఆ గుహల్నే ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పుడు వాటిలో కొన్ని ఖరీదైన హోటళ్ళు. కానీ మాతేరా వాళ్ళకి అది పుట్టిన ఊరు. ఒటాగో చైనా వాళ్ళ సంగతి అలా కాదు. నాలుగేళ్ళు కష్టపడి వెళ్ళిపోదాం అనుకుని రాతి కింద తలదాచుకున్నవాళ్ళు వీళ్ళు. నాలుగేళ్ళ కోసం మంచి ఇల్లెందుకు అని మనం అనుకోలేదా?

అసలు వాళ్ళు పిలవకుండా వచ్చినవాళ్ళు కారు. ఒటాగోలో 1861లో గాబ్రియెల్ రీడ్‌కి బంగారం దొరికిందని లోకమంతా పరుగెత్తుకొచ్చింది. (అంతకు ముందే అక్కడ బంగారం చూపించినవాడు ఎడ్వర్డ్ పీటర్స్ అనే భారతీయుడు. పేరు మాత్రం రీడ్‌కి దక్కింది.) 1862లో యారో నదిలో కూడా బంగారం బయటపడింది. మూడేళ్ళు తిరక్కుండానే పడమటి తీరంలో కొత్త గనులు తెరిచారని తెల్లవాళ్ళు అటు వెళ్ళిపోయారు. డునెడిన్‌లో దుకాణాలు బోసిపోయాయి. అప్పుడు 1865లో డునెడిన్ వర్తక సంఘమే ఆస్ట్రేలియాలోని విక్టోరియా గనుల నుంచి చైనా వాళ్ళని రమ్మంది. 1866లో మొదటి జట్టు దిగింది. తర్వాత నేరుగా చైనా గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం నుంచి వచ్చారు. ఒక ఊరి నుంచి ఒకడొస్తే వాడి వెనక బావమరిది, వాడి వెనక పక్కింటివాడు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కి వెళ్ళినట్టే. చాలామంది ఓడ టికెట్టుకి అప్పు చేసి వచ్చారు.

తెల్లవాళ్ళు ఒకసారి కడిగి వదిలేసిన ఇసుకనే వీళ్ళు మళ్ళీ కడిగారు. ఓపిక మీద వచ్చే బంగారం అది. మోకాలి లోతు చన్నీళ్ళలో, చలికాలం సున్నా కంటే కిందకి పోయే చోట.

యారోటౌన్‌లో వాళ్ళకి ఊరి నడిబొడ్డున చోటు దక్కలేదు. వాగు పక్కన, కొండచరియ కింద, వరదొస్తే మునిగే నేల మిగిలింది. అక్కడి రాయి షిస్ట్. మన కడప బండల్లా పలకలు పలకలుగా లేస్తుంది. ఆ పలకలు పేర్చి గోడలు, పైన గడ్డో, రేకో, గోనె గుడ్డో. మట్టి ఇటుకలతో కట్టినవీ ఉన్నాయి. కొన్నిటికి కొండే వెనక గోడ. ఒక పొయ్యి, ఒక మంచం పట్టే జాగా, అంతే. లోపలికి వంగి దూరి మేం ముగ్గురం నిలబడితే నాలుగో మనిషికి చోటు లేదు. "ఒరేయ్, మొదటి ఏడాది మన ఫ్లాట్‌లో ఆరుగురం పడుకున్నాం, గుర్తుందా?" అన్నాడు మాలో ఒకడు. గుర్తుంది. కాకపోతే మాకు హీటర్ ఉంది.

మిగతా గుడిసెల మధ్య దుకాణం ఒకటి గట్టిగా నిలబడి ఉంది. 1880లలో కట్టింది. చివరగా దాన్ని నడిపిన ఆ లమ్ పేరుతోనే పిలుస్తారు. అలాంటి దుకాణం అంటే సరుకుల కొట్టు ఒక్కటే కాదు. ఉత్తరం రాసిపెట్టేదీ, డబ్బు దాచేదీ, ఇంగ్లీషు కాగితం చదివి చెప్పేదీ, సాయంత్రం నలుగురూ చేరేదీ అక్కడే. నల్లమందు పీల్చేదీ అక్కడే. మొహమాటం లేకుండా బోర్డు మీద అదీ రాశారు, బాగుంది. 1925లో ఆ లమ్ చనిపోయాక ఆ వాడ ఖాళీ అయింది. 1983లో పురావస్తు శాఖల వాళ్ళు తవ్వితే చైనా నాణాలు, అల్లం జాడీలు, సీసాలు, జూదం బిళ్ళలు దొరికాయి. కొన్ని గుడిసెల్ని తిరిగి నిలబెట్టారు.

ఇక లెక్క సంగతి. బంగారం తగ్గి, పనులు తగ్గేసరికి పిలిచినవాళ్ళే తలుపులు వేయడం మొదలుపెట్టారు. 1881లో దేశంలో సుమారు 5,000 మంది చైనా వాళ్ళుంటే, వాళ్ళలో ఆడవాళ్ళు 9 మంది. మళ్ళీ చదవండి, తొమ్మిది మంది. ఆ ఏడాదే తల పన్ను చట్టం వచ్చింది. దిగే ప్రతి చైనా మనిషి 10 పౌండ్లు కట్టాలి, ఓడలో పది టన్నుల సరుకుకి ఒక్క మనిషే రావాలి. 1896లో దాన్ని 100 పౌండ్లు చేశారు, మనిషికి 200 టన్నుల సరుకు అన్నారు. ఆనాడు ఔన్సు బంగారం సుమారు నాలుగు పౌండ్లు. జీతాల లెక్కలు చూసే మావాడు ఫోన్‌లోనే లెక్క కట్టాడు. పది పౌండ్లంటే మన కొట్ల తులం ప్రకారం ఎనిమిది తులాల బంగారం. వంద పౌండ్లంటే దాదాపు ఎనభై తులాలు. పెళ్ళాన్ని తెచ్చుకోవాలంటే ఎనభై తులాలు, కొడుకుని తెచ్చుకోవాలంటే ఇంకో ఎనభై. ఇసుక కడిగేవాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు?

ఇది ఇంకే దేశం వాళ్ళకీ లేని పన్ను. మనవాళ్ళు బ్రిటిష్ ప్రజలు కాబట్టి తల పన్ను పడలేదు. అలాగని తలుపు తెరిచి ఉంచారని కాదు. 1899 చట్టం ప్రకారం ఏదో ఒక యూరప్ భాషలో దరఖాస్తు రాయాలి. 1920 తర్వాత ముందే అనుమతి తెచ్చుకోవాలి, అది ఇవ్వడం ఇవ్వకపోవడం మంత్రి ఇష్టం. ఆ రోజుల్లోనే మద్రాసు రేవు నుంచి మన తెలుగువాళ్ళు ఫిజీ చెరకు తోటలకి గిర్మిట్ కూలీలుగా వెళ్ళారు. వాళ్ళ మనవలు, మునిమనవలు కొందరు ఇప్పుడు ఆక్లాండ్‌లో మన పక్క వీధిలోనే ఉన్నారు.

ఆదివారం అలెగ్జాండ్రాలో కారు ఆపి రాక్స్‌బర్గ్ లోయ దారిలో నడిచాం. అటూ ఇటూ కొండల నిండా అడవి థైమ్ మొక్కలు. ఆకు నలిపితే అచ్చం మన వాము వాసన. ఇక్కడ గుడిసె కూడా లేదు, అసలైన గుహ ఇల్లే. ముందుకి పొడుచుకొచ్చిన పెద్ద బండ కింద, ఖాళీ వైపున సున్నం లేకుండా రాళ్ళు పేర్చి గోడ కట్టారు, మనిషి దూరేంత సందు వదిలారు. కింద నది. పైకప్పు కొండదే కాబట్టి ఖర్చు లేదు. మిగిలిన ప్రతి పైసా ఊరికి. ఇలాంటివి క్రామ్‌వెల్ లోయలో కూడా ఉండేవి. క్లైడ్ డ్యామ్ కట్టి 1990లలో డన్‌స్టన్ సరస్సు నింపినప్పుడు చాలా వరకు నీట మునిగాయి.

సంపాదించి వెళ్ళిపోయినవాళ్ళు చాలామందే ఉన్నారు. వెళ్ళలేక మిగిలినవాళ్ళ గురించే మా బాధ. వయసు మీద పడింది, ఉత్త చేతులతో ఊళ్ళో మొహం చూపించలేరు. 1898లో న్యూజీలాండ్ ముసలివాళ్ళకి పింఛను పెట్టింది, ప్రపంచంలో ముందుగా పెట్టిన దేశాల్లో ఇదొకటని ఇప్పటికీ చెప్పుకుంటారు. చైనా వాళ్ళకి మాత్రం 1936 దాకా లేదు. 1908 నుంచి 1951 దాకా వాళ్ళకి పౌరసత్వమూ ఇవ్వలేదు. అలెగ్జాండర్ డాన్ అనే పాదిరి కాంటనీస్ నేర్చుకుని, ఏటా గనుల వెంట కాలినడకన తిరిగి, ఎవరు ఏ ఊరివారో, వచ్చి ఎన్నేళ్ళయిందో పుస్తకంలో రాసుకున్నాడు. మతం మార్చాలని వెళ్ళాడు, పెద్దగా ఎవరూ మారలేదు. కానీ ఆయన రాసుకున్న పేర్ల వల్లే ఈనాడు ఎందరో తమ తాత ముత్తాతల్ని వెతుక్కోగలుగుతున్నారు.

బతికుండగా వెళ్ళలేనివాళ్ళు ఎముకలైనా సొంత ఊరు చేరాలనుకున్నారు. దానికోసం సంఘం పెట్టుకుని చందాలు వేసుకున్నారు. 1883లో ఒక ఓడలో 230 మంది అస్థికలు వెళ్ళాయి. 1902లో వెంట్‌నార్ అనే ఓడలో 499 మందివి బయల్దేరాయి. వాళ్ళలో డునెడిన్‌లో పెద్ద వర్తకుడైన చోయీ సూ హోయ్ కూడా ఉన్నాడు. పేదకీ ధనికుడికీ ఒకటే ఓడ. అది తరనాకీ తీరంలో రాయికి తగిలి, అక్టోబరు 28న హోకియాంగా దగ్గర మునిగింది. ఓడలోని 13 మంది చనిపోయారు. తీరానికి కొట్టుకొచ్చిన ఎముకల్ని అక్కడి తె రోరోవా, తె రరావా మావోరీలు తీసి తమ నేలలోనే పాతిపెట్టారు, ఎవరివో తెలియకపోయినా. ఆ తర్వాత ఇంకో ఓడ పంపలేదు. 2014లో ఓడ శిథిలం దొరికిందని ప్రకటించారు. 2021లో ఓపోనోనీలో స్మారకం కట్టారు. గల్ఫ్ నుంచి శంషాబాద్‌కి వచ్చే పెట్టెల గురించి ఇంటి దగ్గర పేపర్లలో చదివినవాళ్ళకి ఈ 499 పెట్టెలు వేరే కథలా అనిపించవు.

తల పన్ను 1944లో చట్టం నుంచి పోయింది. 2002 ఫిబ్రవరి 12న, చైనా కొత్త సంవత్సరం రోజున, ప్రధాని హెలెన్ క్లార్క్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. కట్టినవాళ్ళు అప్పటికి దాదాపు ఎవరూ లేరు, విన్నది మనవలు.

యారోటౌన్ గుడిసెలు చూడటానికి టికెట్ లేదు. బకింగ్‌హామ్ వీధి చివర నుంచి అయిదు నిమిషాల నడక. ముందు ఆ వీధిలోనే ఉన్న లేక్స్ డిస్ట్రిక్ట్ మ్యూజియం చూస్తే గుడిసెలు బాగా అర్థమవుతాయి, దానికి టికెట్ ఉంది. రాక్స్‌బర్గ్ లోయకి వెళ్ళేవాళ్ళు మంచినీళ్ళు తప్పకుండా పట్టుకెళ్ళండి, దారిలో కొట్టు ఒక్కటీ లేదు.